రేవిన్ కుట్టని చెవి

ప్లాస్టిక్ సంచీలోనా! అయ్యో బాబూ, దుప్పి తలని తెచ్చి ప్లాస్టిక్ సంచీలో కట్టారా? ఎప్పుడు కొట్టారు? నిన్న పొద్దునా? ముందు దాని మూతి విప్పండి. విప్పి ఆ బల్ల మీద నీడపట్టున పెట్టండి. వెచ్చటి తోలుని అలా బిగించి కడితే లోపల ఉడికిపోతుంది. ఉడికితే వెంట్రుకలు ఊడతాయి. ఆ తర్వాత మీ ఇంట్లో గోడకి బోడి దుప్పిని తగిలించుకోవాలి. క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చేవాళ్ళందరిదీ ఇదే వరస. తుపాకీ మీద పెట్టిన శ్రద్ధలో వందో వంతు ఒక గోనెసంచీ మీద పెట్టరు.

రేవిన్ వాళ్ళు ఇంట్లో లేరు. హొకిటికా వెళ్ళారు, ఉప్పు అయిపోయిందని. ఇంకో గంటలో వచ్చేస్తారు. ఆ గ్యారేజీ ముందు నిలబడ్డారంటే ఇసుక ఈగలు మిమ్మల్ని మిగల్చవు. ఇలా మా వరండాలోకి రండి. నా పేరు నోలా. పక్కిల్లే. ఇదిగో టీ. చీజ్ స్కోన్ తినండి, పొద్దున చేసినవే.

ఏమిటీ? "ఆవిడకి చెవి కుట్టడం రాదట కదా" అనా? ఎవరన్నారు మీతో?

పెట్రోలు బంకులో ఆవిడా! తన మొగుడికి ఏ చెవి వినపడదో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ముప్పై ఏళ్ళుగా చెవిటి వైపు కూర్చునే తిడుతోంది. ఆవిడ చెప్తుందా దుప్పి చెవుల గురించి!

చూడండి బాబూ, ఆ చెవి సంగతి నేను చెప్తాను. చిన్న కథే. మీ టీ చల్లారేలోపు అయిపోతుంది.

అసలు రేవిన్‌కి కుట్టడం రాదనడమేమిటి! ఈ కవారో ఫ్లాట్ ఊళ్ళో ఏ కిటికీకి ఏ తెర వేలాడినా అది రేవిన్ కుట్టిందే. ఇరవై ఏళ్ళు తెరలే కుట్టింది. మా ముందుగదివి కూడా. అవిగో, కనిపిస్తున్నాయా? కొంచెం పొట్టిగా ఉన్నాయంటే తప్పు ఆమెది కాదు, కొలతలు ఇచ్చింది నేను.

గోడకి తగిలించే ఈ తలలు చేయడం మొగుడు పోయాక మొదలుపెట్టింది. పదకొండేళ్ళ కిందట. నేర్పినవాళ్ళు లేరు. ఒక పుస్తకం తెప్పించుకుంది, అంతే. మొదట చేసింది రోడ్డు మీద బండి కింద పడ్డ పోసమ్‌ని, చెట్లెక్కే పిల్లంత జంతువుని. అది ఎలా వచ్చిందంటే... అప్పట్లో మా బ్యాంకులో ఒక మేనేజరు ఉండేవాడు. అప్పు కావాలని అడగ్గానే ఆయన కళ్ళు ఒకటి ఇటు, ఒకటి అటు పోయేవి. అచ్చం ఆయనే. రేవిన్ దాన్ని ఆరబెట్టడానికి కిటికీలో పెడితే రెండు వారాలపాటు జనం ఆగి, "గుడ్ మార్నింగ్ సార్" అని దణ్ణం పెట్టి పోయారు.

తర్వాత ఒక మేక. మేక బాగానే కుదిరింది. నవ్వుతున్నట్టు వచ్చింది, అదొక్కటే లోపం.

మూడో ఏడాదికి చెయ్యి తిరిగింది. తోలు ఒలిచి, మాంసం గీకి, ఉప్పు పట్టించి, ఊరబెట్టి, ఫోమ్ మెడ మీద తొడిగి, గాజు కళ్ళు పెట్టి, రెప్పల కింద మట్టి అద్ది... మీరు దగ్గరికెళ్తే అది మీ మొహం మీద ఊపిరి వదులుతుందేమో అనిపిస్తుంది. మర్డో అని ఒక ముసలాయన ఉన్నాడు, మా వేటగాళ్ళ సంఘంలో కొమ్ములు కొలిచేది ఆయనే. వాళ్ళ కుక్క చచ్చిపోతే భుజాన వేసుకుని ఏడుస్తూ వచ్చాడు, చేసిపెట్టమని. రేవిన్ చేయనంది.

"దుప్పిని నువ్వు అర నిమిషం చూసి కాల్చావు మర్డో. నేనెలా చేసిచ్చినా అదే అనుకుంటావు. కుక్కని పద్నాలుగేళ్ళు చూశావు. నా వల్ల కాదు" అంది.

ఆయన అలిగి రెండేళ్ళు మాట్లాడలేదు. మర్డో మాట్లాడకపోతే ఊరికి వచ్చే నష్టం ఏమీ లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఎక్కడున్నాం? ఆ, చెవి.

దానికి పదిహేనేళ్ళు వెనక్కి వెళ్ళాలి. కంగారుపడకండి, టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

రేవిన్ మొగుడి పేరు నెవిల్. మా ఆయన లెస్. ఇద్దరూ ఒక జట్టు. గార్త్ పెండర్ సామిల్లులో ఇద్దరికీ ఒకే రంపం దగ్గర పని. ఏప్రిల్ వచ్చి దుప్పులు రంకెలు వేయడం మొదలుపెడితే చాలు, సెలవు పెట్టి కొండల్లోకి పోయేవాళ్ళు. పది రోజుల్లో ఇద్దరి మధ్యా పది మాటలు నడిచేవి. నెవిల్‌వి ఆరు, లెస్‌వి నాలుగు.

ఆ ఏడాది పదకొండు రోజులు తిరిగారు. పదకొండో రోజున నెవిల్ ఒకదాన్ని కొట్టాడు. పన్నెండు కొనల కొమ్ములు, చేతులు బార్లా చాచినా రెండో కొస అందదు. దాని తలని వీపున కట్టుకుని, నడుంలోతు నీళ్ళలో మూడు ఏర్లు దాటి తెచ్చాడు. తెచ్చేసరికి నెవిల్ మొహం, దుప్పి మొహం పక్కపక్కన పెడితే దుప్పే కాస్త తేటగా ఉంది.

దాని ఎడమ చెవి చిరిగి ఉంది. ఏటి ఒడ్డున రెండు మగ దుప్పులు పోట్లాడుకుంటుంటే కళ్ళారా చూశాననీ, రెండోదాని కొమ్ము గుచ్చుకుని చిరిగిందనీ నెవిల్ చెప్పాడు. లెస్ ఆ సమయానికి గుడారంలో టీ కాస్తున్నాడు. చూడలేదు.

అప్పట్లో తలలు చేసేవాడు గ్రేమౌత్‌లో ఒకడుండేవాడు. వాడు ఆ చిరుగుని సగం కుట్టి సగం వదిలేశాడు. అంచు దగ్గర మూసుకుపోయి, మధ్యలో గుండ్రంగా ఒక చిల్లు మిగిలింది. పని తెలిసినవాడు అలా చేయడు. చేశాడు.

మా సంఘంలో ఏటా ఒక శనివారం మధ్యాహ్నం కొమ్ముల పోటీ ఉంటుంది. సంఘం హాల్లోనే. అంతకు ముందు ఆరేళ్ళూ బహుమతి గార్త్‌దే. సామిల్లు గార్త్‌ది, హాలు మీద రేకులు వేయించింది గార్త్, సంఘానికి అధ్యక్షుడు గార్త్. దుప్పులకి కూడా ఆ సంగతి తెలిసి పెద్దవన్నీ అతని ముందుకే వచ్చి నిలబడేవేమో మరి. ఆ ఏడాది మర్డో టేపు పట్టి కొలిస్తే నెవిల్ కొమ్ములు గార్త్ కొమ్ముల కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ తేలాయి.

గార్త్ లేచాడు. నవ్వుతూనే లేచాడు. చెవి దగ్గరికి వెళ్ళి, ఆ చిల్లులోంచి జనం వైపు చూసి, "నెవిల్, దీని బిళ్ళ ఎక్కడ దాచావు నాయనా?" అన్నాడు.

మీరు వేటాడేవారు, మీకు చెప్పాలా! ఫారంలో పుట్టిన దుప్పికి పిల్లప్పుడే చెవికి బిళ్ళ వేస్తారు. కంచె వెనక గడ్డి పెట్టి పెంచినదాన్ని డబ్బిచ్చి కాల్చి, కొండల్లో కొట్టానని చెప్పుకోవడం కంటే మా వైపు తలవంపులు ఇంకోటి లేదు. ఎవడైనా దొంగతనం చేశాడంటే "పాపం, ఏం అవసరమొచ్చిందో" అంటాం. కంచె దుప్పిని కాల్చాడంటే పక్కన కూర్చుని బీరు తాగం.

హాలంతా నవ్వింది. మర్డో కుర్చీ ఎక్కి చిటికెన వేలు ఆ చిల్లులో దూర్చి చూసి, తల ఊపాడు. ఎందుకు ఊపాడో ఆయనకే తెలీదు. నెవిల్ పోట్లాట అన్నాడు, ఏరు అన్నాడు, మాట తడబడింది. ఆరు మాటల మనిషి కదా, ఏడో మాటకి అలవాటు లేదు. జనం ఇంకా నవ్వారు. లెస్ ఏమంటాడని అడిగారు. గుడారంలో ఉన్నాడు, చూడలేదు అని జవాబు వచ్చింది.

బహుమతి గార్త్‌కి వెళ్ళింది. సోమవారానికల్లా మిల్లులో నెవిల్ పేరు "బిళ్ళ" అయిపోయింది.

"బిళ్ళా, ఆ దుంగ ఇటు తోయ్." "బిళ్ళ ఇవాళ రాలేదా?" అంతే. ఎవరూ గట్టిగా తిట్టింది లేదు, కొట్టింది లేదు. మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏమీ చేయరు. పేరు పెడతారు.

నెవిల్ ఆ తలని గోడ మీంచి దించి, కట్టెల కొట్టంలో గోడ వైపు తిప్పి పెట్టాడు. మళ్ళీ కొండెక్కలేదు. నాలుగో ఏడు కట్టెలు కొడుతూ కొడుతూ గొడ్డలి మొద్దులోనే వదిలి పడిపోయాడు. గుండె.

అంత్యక్రియలకి మిల్లు వాళ్ళు పెద్ద పూలచక్రం తెచ్చారు. రిబ్బను మీద ఏం రాశారో తెలుసా? "మా బిళ్ళకి, స్నేహితుల నుంచి."

ప్రేమగానే రాశారు బాబూ. అదే మరీ ఘోరం.

రేవిన్ చదివింది. తీసి పారేయలేదు. పెట్టె మీద నిటారుగా నిలబెట్టి, అలాగే మట్టిలోకి పంపింది. ఇంటికొచ్చి తెరల బట్టంతా అమ్మేసింది. వారానికి పుస్తకం వచ్చింది.

ఆ రోజుల్లోనే కంచె దగ్గర నాతో అంది. "నోలా, ఎప్పటికో ఒకప్పటికి గార్త్ తల నా బల్ల మీదికి వస్తుంది."

"గార్త్ తలా?" అన్నాను.

"గార్త్ తెచ్చే తల" అంది. కానీ ముందు అన్నది ముందుదే.

స్కోన్ ఇంకోటి తీసుకోండి. మొహమాటపడకండి, నేనొక్కదాన్ని ఎన్నని తింటాను?

పదేళ్ళు కాచుకుంది. గార్త్ తన తలలన్నీ గ్రేమౌత్ వాడికే ఇచ్చేవాడు. రేవిన్ తొందరపడలేదు. వచ్చినవాళ్ళ తలలు చేసింది. చెవులు చేసేటప్పుడు మీరెప్పుడైనా చూశారా? మేజోడు తిరగేసినట్టు తోలుని చివరిదాకా లోపలికి తిప్పాలి. గోరంత తొందరపడితే చిరుగుతుంది. అలా తిప్పినప్పుడు ఆ చెవి పుట్టినప్పటి నుంచీ ఏం చూసిందో అంతా కనిపిస్తుందట. బిళ్ళ వేసిన చెవి ఒక్క వేలు తగిలితే తెలిసిపోతుంది. పిల్లప్పుడు గుచ్చిన చిల్లు కదా, చెవితో పాటు పెరుగుతుంది. చుట్టూ గట్టిగా, నున్నగా అంచు కడుతుంది. చొక్కాకి కాజా కుట్టినట్టు. కొమ్ము తగిలి చిరిగినదానికి ఆ అంచు ఉండదు. చిరుగు చిరుగే, కాజా కాజాయే. కుట్టుపని వచ్చిన మనిషికి ఇంకొకరు చెప్పాలా?

మా సంఘం పెద్దమనుషుల తలల్లో ఎన్నింటికి కాజాలున్నాయో రేవిన్‌కి తెలుసు. అన్నీ కుట్టి, మైనం రాసి, వెంట్రుక దువ్వి పంపించేది. నోరెత్తేది కాదు. నేను నాలుగుసార్లు అడిగాను, ఒక్క పేరైనా చెప్పవే తల్లీ అని. చెప్పలేదు. మంచి మనిషే గానీ, ఆ లోపం ఒకటుంది.

చివరికి గ్రేమౌత్ వాడికి చేతులు వణకడం మొదలైంది, దుకాణం మూసేశాడు. పోయిన ఏడాది మా సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. అక్టోబరులో పెద్ద ఉత్సవం. దానికి గార్త్‌కి ఎప్పుడూ లేనంత పెద్ద తల కావాలి. మే నెలలో ఒక పొద్దున అదిగో, ఆ గ్యారేజీ ముందు అతని బండి ఆగింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆరేసినవే మళ్ళీ తీసి ఆరేశాను, అంతా వినాలి కదా.

"ఎలా ఉన్నావమ్మా రేవిన్? ఇన్నాళ్ళూ రాలేదని ఏమీ అనుకోకు. గ్రేమౌత్ ఆయన నొచ్చుకుంటాడని..."

"ఫర్వాలేదు గార్త్. ఎక్కడ కొట్టావు?"

"పై లోయలో. తొమ్మిది రోజులు నడిచాను."

అతని మోకాళ్ళకి హాలు మెట్లు తొమ్మిది ఎక్కడమే గగనం. రేవిన్ గోనె విప్పింది. పదహారు కొనలు. కొమ్ములు కావవి, పెరట్లో కంచె చుట్టూ పాకిన గులాబీ తీగ. మెడ కింద కొవ్వు చూస్తే తెలుస్తోంది, ఆ దుప్పి జీవితంలో ఎన్నడూ భోజనం కోసం నడిచి వెళ్ళలేదని.

"అక్టోబరుకి అందాలి. చెవులూ అవీ బాగా చూసి చెయ్యి" అన్నాడు. అదొక్కటే అన్నాడు చూశారా, చెవులూ అవీ.

"నీ దుప్పికి చెయ్యాల్సిందంతా చేస్తాను" అంది.

మూడో రోజు నన్ను కేకేసింది. "నోలా, ఇలా రా. వేలు పెట్టు."

పెట్టాను. ఎడమ చెవి, నడిమధ్య. నున్నగా, గట్టిగా, ఉంగరంలా.

ఆమె కట్టెల కొట్టంలోంచి నెవిల్ తల తెచ్చింది. బూజు దులిపి, చెవి మీద తడిబట్ట వేసి రాత్రంతా నానబెట్టి ఉంచింది. గ్రేమౌత్ వాడి కుట్లు ఒక్కొక్కటీ నా ఎదురుగానే కత్తిరించింది. "ఇప్పుడిది చూడు" అంది. చూశాను. అంచు లేదు. పీచుపీచుగా చిరుగు.

"పదిహేనేళ్ళు ఇక్కడే ఉంది నోలా, పెరట్లో. కట్టెలు తెచ్చుకోవడానికి రోజూ దీని పక్క నుంచే వెళ్ళాను" అంది.

"కుట్టకు. గార్త్ చెవి కుట్టకు. అలాగే వదిలెయ్" అన్నాను నేను. మీకు చెప్పడానికేం, నాకు ఒళ్ళంతా పండగలా ఉంది.

"నువ్వు చెప్పక్కర్లేదు" అంది.

బాబూ, అంత శ్రద్ధగా ఆమె ఏ తలా చేయగా నేను చూడలేదు. ఐదు నెలలు. ఆ ముక్కు మీద తడి, ఆ కంటి కొసన ముడత... హాలుకి వెళ్ళి పడమటి కిటికీ ఎంత ఎత్తులో ఉందో కొలిచి వచ్చింది. మూడు గంటలప్పుడు ఎండ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీత గీసుకుంది. ఎడమ చెవిని ముందుకు తిప్పి, నిక్కబొడిచి, సరిగ్గా ఆ ఎండకి ఎదురుగా వచ్చేలా నిలబెట్టింది. ప్రేమతో చేసిన పనికి ఎక్కడో ఒక వంకర ఉంటుంది. పగతో చేసినదానికి ఉండదు.

ఉత్సవం రోజు రానే వచ్చింది. ఊరంతా వచ్చింది. పావ్లోవా కేకులు ఐదు వచ్చాయి, అందులో తినదగ్గది ఒకటి. నేను, లెస్ మూడో వరసలో కూర్చున్నాం. లెస్ మెడకి టై. ఆ టై పెళ్ళిలో ఒకసారి, నెవిల్ పోయినప్పుడు ఒకసారి కట్టాడు. రేవిన్ గోడవారన నిలబడింది.

మూడు గంటలకి గార్త్ గుడ్డ లాగాడు. అందరూ "ఓ" అన్నారు. తర్వాత ఎండ వచ్చింది.

ఆ చిల్లు ఎలా వెలిగిందనుకున్నారు! చీకటి గదిలో తాళంకప్ప కన్నంలా. "ఓ" అన్న నోళ్ళు అలాగే ఉండిపోయాయి. గార్త్ రేవిన్ వైపు చూశాడు. ఆ చూపు కోసం నేను టిక్కెట్టు కొనమన్నా కొనేదాన్ని.

మర్డో కుర్చీ లాక్కున్నాడు. ఎక్కాడు. చిటికెన వేలు దూర్చాడు.

"గార్త్, ఏమిటిది?"

గార్త్ ఎంతసేపు తీసుకున్నాడంటారు? నేను ఒక ఊపిరి తీసుకుని వదిలేంత.

"పోట్లాట" అన్నాడు. "ఇంకోదాని కొమ్ము గుచ్చుకుంది."

మర్డో తల ఊపాడు. వెనక నుంచి ఎవరో, "చూశారా, కొండ దుప్పి అంటే అదీ!" అన్నారు. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టారు.

అదే హాలు. అదే కుర్చీ, అదే చిటికెన వేలు, అదే మాట.

రేవిన్ ముందుకొచ్చింది. కాజా సంగతి చెప్పింది. అంచు ఎందుకు కడుతుందో, చిరుగుకి ఎందుకు కట్టదో, అన్నీ చెప్పింది, ఎవరైనా వచ్చి తాకి చూడొచ్చంది. నెవిల్ దుప్పి చెవికి ఆ అంచు లేదనీ చెప్పింది.

గార్త్ నవ్వాడు. "రేవిన్, చెవి కుట్టడం చాతకాక వదిలేసి, ఇప్పుడు కథలు చెప్తున్నావా తల్లీ?"

హాలు నవ్వింది. మీ పెట్రోలు బంకు ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. అక్కడ పుట్టింది మీరు విన్న మాట.

రేవిన్ అలా నిలబడే ఉంది. చేతిలో రుజువుంది, నోట్లో మాటుంది, వినేవాడు లేడు. పదకొండేళ్ళ పని అర నిమిషంలో తెర కొలతలా పొట్టిదైపోయింది.

అప్పుడు లెస్ లేచాడు.

ఎవరూ చూడలేదు మొదట. లెస్ లేస్తే బయటికి వెళ్తున్నాడనుకుంటారు. ఆయన బయటికి వెళ్ళలేదు. "నేను చూశాను" అన్నాడు.

"కూర్చో లెస్" అన్నాడు గార్త్.

"పదిహేనేళ్ళు కూర్చున్నాను" అన్నాడు లెస్. "నెవిల్ దుప్పి ఏటి ఒడ్డున పోట్లాడింది. చెవి నా కళ్ళ ముందే చిరిగింది. నెవిల్ పక్కనే ఉన్నాను నేను, భుజం తగిలేంత దూరంలో. నేను టీ కాయడంలేదు."

లెక్కపెట్టలేదు గానీ, నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు అనడం నేను వినలేదు.

హాల్లో ఎవరో చెంచా కింద పడేశారు.

తర్వాతా? తర్వాత ఏముంది, మర్డో కొమ్ములు కొలిచాడు. నిబంధనల పుస్తకంలో కొమ్ముల పొడవు ఉంది, చెవి లేదు. బహుమతి గార్త్‌కే ఇచ్చారు. ఆ తల ఇప్పటికీ హాల్లోనే ఉంది, వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి, మూడు గంటలకైతే బాగుంటుంది. గార్త్‌ని ఎవరూ ఏమీ అనలేదు. సగం ఊరు అతని మిల్లులో పనిచేస్తుంది. మిగతా సగం ఇళ్ళకి అతని పలకలే.

కానీ మర్డో గోడ మీద గెలిచినవాళ్ళ పేర్ల బోర్డు దగ్గరికి వెళ్ళి, పదిహేనేళ్ళ కిందటి వరసలో గార్త్ పేరు చెరిపి, నెవిల్ పేరు రాశాడు. పూర్తి పేరు. కుక్క విషయంలో ఇంకా కోపం ఉందేమోననుకున్నాను, లేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయి గానీ ఉన్నాయి. ఆ రోజు తర్వాత "బిళ్ళ" అన్న మాట నా చెవిన పడలేదు.

ఏమిటలా చూస్తున్నారు?

ఆ. టీ సంగతి. లెస్ టీ కాస్తున్నాడని ఇందాక మీకు నేనే చెప్పాను కదా. అలవాటైపోయిన మాట బాబూ, నోటికి అదే వస్తుంది. అది లెస్ మాట కాదు. ఎప్పుడూ కాదు. నాది.

పదిహేనేళ్ళ కిందట హాల్లో లెస్ ఏమంటాడని అడిగినప్పుడు, ఆయన లేవబోయాడు. నేను మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను. నేనే లేచి, "మా ఆయన గుడారంలో టీ కాస్తున్నాడు, ఏమీ చూడలేదు" అన్నాను. ఆ నెల గార్త్ మిల్లులోంచి ఎనిమిది మందిని తీసేస్తున్నాడు. ఎవరెవరన్నది ఇంకా తేలలేదు. తేలాక ఆ ఎనిమిది మందిలో లెస్ లేడు.

ఊళ్ళో ప్రతి మనిషి గుట్టూ నాకు తెలుసని చెప్పుకుంటారు. తెలుసు. ఈ ఒక్కదాన్ని కాపాడుకోవడానికే మిగతావన్నీ పోగుచేశానేమో, ఎవరి సంగతి వారికి గుర్తుచేస్తూ ఉంటే నా వైపు చూడరని. గార్త్ చెవి కుట్టకు అని రేవిన్‌ని ఎగదోసింది ఎందుకనుకున్నారు? తప్పంతా అతని మెడకి చుట్టుకుపోతే నా వాటా కూడా అందులో కలిసిపోతుందని.

ఉత్సవం రోజు కూడా వేశాను చెయ్యి. లెస్ లేవబోతుంటే, అలవాటుగా, అదే మోకాలి మీద. ఆయన నా చేతిని పట్టుకుని, తీసి, నా ఒళ్ళో పెట్టాడు. మెల్లగానే పెట్టాడు. ఎవరిదో వస్తువు వాళ్ళకి ఇచ్చేసినట్టు.

బయటికొచ్చాక రేవిన్ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే జవాబు చెప్పడానికి తయారుగా ఉన్నాను కూడా.

"ఆ రోజు కూడా చూశాను నోలా, నీ చెయ్యి" అంది. వెళ్ళిపోయింది.

అంటే పదిహేనేళ్ళుగా తెలుసు. నా కంచె మీద చేతులాన్చి మాట్లాడినప్పుడల్లా తెలుసు. నా ముందుగది తెరలు కుట్టేటప్పుడు తెలియదనుకోండి, అది ముందు. కానీ ఆ దుప్పి చెవిలో నా వేలు పెట్టించినప్పుడు తెలుసు. ఆమె కాచుకున్నది ఒక్క గార్త్ కోసమే అనుకున్నాను నేను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఆ సాయంత్రం నెవిల్ దుప్పి చెవి సరిచేయడానికి సాయం పడతానని లెస్ రేవిన్ గ్యారేజీకి వెళ్ళాడు. చెవి అయింది. ఆయన రాలేదు. గ్యారేజీ పైన ఒక గది ఉంది, అందులో మంచం ఉంది. పొద్దున తోళ్ళు గీకుతాడు, మధ్యాహ్నం ఉప్పు పట్టిస్తాడు. పని బాగా పట్టుబడిందట. ఆరు నెలలైంది.

మీరనుకునేది కాదు. అదే అయితే ఊళ్ళో చెప్పుకోవడానికి నాకైనా ఒక కథ ఉండేది.

అదుగో, బండి వచ్చేసింది. మూట దించుతున్న ఆ పొడుగాటి ఆయనే లెస్. తలని ఆయన చేతికే ఇవ్వండి, జాగ్రత్తగా చూస్తాడు. ఇంతసేపూ ఎక్కడున్నారని అడిగితే పక్కింట్లో కూర్చున్నానని చెప్పండి.

అడగడు లెండి.